ఉద్యోగపర్వమున భూమియు మైత్రియు: యుద్ధకారణ విమర్శ

భారతమును పాఠము చెప్పు తరగతులలో తరచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. దుర్యోధనుడు అయిదూళ్ళిచ్చియున్నచో యుద్ధము తప్పెడిదా? తప్పెడిదనియే మనము వెంటనే చెప్పుదుము. ధర్మరాజు శాంతికాముడు, సుయోధనుడు లుబ్ధుడు, కర్ణశకునులు దుర్మంత్రులు, కావున యుద్ధము వచ్చినదని చెప్పి పర్వమును ముగింతుము. ఈ సమాధానము అసత్యము కాదు, అసమగ్రము. యుద్ధమునకు దోషి యెవడో ఇది చెప్పును. సంధికి ఇన్ని యత్నములు జరిగియు, ఇందరు పెద్దలు వలదనియు, యుద్ధమేల ఆగలేదో చెప్పదు. దోషనిర్ణయము వేరు, కారణనిర్ణయము వేరు. ఈ రెండింటిని ఒకటిగా భావించుటవలన ఉద్యోగపర్వమును మనము నీతిపాఠముగా మాత్రమే చదువుచున్నాము. పొరుగురాజ్యములు తమలో తామేల పోరునో తెలుపు గ్రంథముగా చదువుట లేదు. ఆ లోపమును కొంత పూరించుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

ముందుగా విమర్శ పరిధిని గూర్చి ఒక మాట. కథ వ్యాసునిది. తిక్కన విరాటపర్వముతో ఆరంభించి పదునేను పర్వములను తెనిగించెను. కావున విరాటోద్యోగములు రెండును తెలుగున ఒకే కవి రచనలు. విరాటపర్వమును కథారసము కొరకును, ఉద్యోగమును సంవాదచాతుర్యము కొరకును విడివిడిగా చదువుట మనలో పరిపాటి. రాజనీతిదృష్టితో చూచినచో మొదటిది రెండవదానికి పీఠిక వంటిది. ఈ రెండింటికి ముందు జరిగిన పాంచాలవృత్తాంతము ఆదిపర్వమున ఉన్నది. ఈ మూడింటిని కలిపి చదివిననే యుద్ధకారణము బోధపడును. తిక్కన సంక్షేపించిన తావులందు కథాంశములకు మూలమునే ప్రమాణముగా గైకొంటిని.

మన రాజనీతిశాస్త్రమున ఈ ప్రశ్నకు ప్రసిద్ధమైన సమాధాన మొకటి కలదు. అది మండలసిద్ధాంతము. మైసూరున శామశాస్త్రిగారు 1909లో ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున ఇది విస్తరముగా ఉన్నది. కామందకుని నీతిసారమును దీనినే అనుసరించినది. విజయమును కోరు రాజునకు పొలిమేర కలిసిన రాజు సహజశత్రువు. ఆ శత్రువునకు ఆవలివైపున నున్న రాజు సహజమిత్రము. ఆ పైవాడు శత్రువునకు మిత్రము. ఇట్లు మిత్రత్వ శత్రుత్వములు గడులు గడులుగా వ్యాపించును. ఇది సూక్ష్మదృష్టి గల సిద్ధాంతమే. కాని దీనిని భారతకథకు అన్వయింపబోయినచో ఒక చిక్కు కలుగుచున్నది. పాంచాలమునకు హస్తినాపురమును పొరుగే, ఇంద్రప్రస్థమును పొరుగే. మొదటిది శత్రువు, రెండవది మిత్రము. కావున పొలిమేర కలియుట వైరమునకు అవకాశము మాత్రమే గాని, అదియే కారణము కాదు. అవకాశము కారణముగా మారుటకు మరికొన్ని కలిసిరావలెను. అవి యేవో కవి కథలోనే చూపినాడు.

మొదట చూడదగినది త్రిగర్త మత్స్యముల వైరము. దక్షిణగోగ్రహణమును మనము పాండవులు బయటపడుటకు కల్పింపబడిన సన్నివేశముగా భావించుచుందుము. త్రిగర్తరాజైన సుశర్మ దృష్టితో చూచినచో అది చిరకాలముగా సాగుచున్న సరిహద్దు వైరమున ఒక ఘట్టము. విరాటుని సేనాపతియైన కీచకుడు జీవించియున్నంతకాలము త్రిగర్తులను పలుమారులు బాధించెను. సుశర్మ ఓర్చుకొనెను. కీచకుడు మరణించెనన్న వార్త హస్తినాపురము చేరగనే, మత్స్యదేశము ఇప్పుడు బలహీనమైనది, దాడి చేయుటకిదే తరుణమని కౌరవసభలో పలికినవాడు సుశర్మయే. కర్ణుడు దానిని సమర్థించెను. అన్యాయము పాతది, పొలిమేర పాతది, పశుసంపదయు పాతదియే. క్రొత్తది ఒక్కటే: బలములలో కలిగిన మార్పు. నిన్నటి బలవంతుడు నేడు దుర్బలుడైనాడు. రేపు మరల బలపడవచ్చును. కావున నేడే పోరవలెనని పొరుగువాడు తలచును. అంతేకాదు. సుశర్మ ఒంటరిగా సాహసింపలేదు. తన చిన్నవైరమును పెద్దరాజ్యపు వైరముతో ముడివేసెను. దక్షిణమున త్రిగర్తులు, మరునాడు ఉత్తరమున కౌరవులు. ఇట్లు ఒక సరిహద్దు తగవు రెండు రాజ్యముల సంయుక్త దండయాత్ర యైనది. దీని ఫలము విరాటపర్వము చివర కాననగును. దెబ్బతిన్న మత్స్యరాజు తన కుమార్తెను అభిమన్యునకిచ్చి పాండవులతో సంబంధము కలుపుకొనెను. ఉద్యోగపర్వము ఆ పెండ్లిపందిటి నుండియే ఆరంభమగుచున్నది. యుద్ధాలోచన జరుగు ఉపప్లావ్యము విరాటుని రాజ్యములోనిదే.

రెండవది కురుపాంచాలముల వైరము. దీని మూలము ఆదిపర్వమున ఉన్నది. ద్రోణుడు తన శిష్యులచే ద్రుపదుని పట్టి తెప్పించి, పాంచాలరాజ్యమును రెండుగా చీల్చెను. గంగకు ఉత్తరభాగము, అహిచ్ఛత్రముతో గూడ, తాను గైకొని, దక్షిణభాగమును ద్రుపదునకు విడిచెను. బాల్యమిత్రుల నడుమ కలిగిన అవమానకథగా దీనిని చదువుదుము. రాజ్యములపరముగా జరిగినదేమనగా, పాంచాలము సగము హస్తినాపురపు ఆచార్యుని వశమైనది. ఆ గురుదక్షిణను తెచ్చిన శిష్యులలో అర్జునుడు ముఖ్యుడు. అయినను ద్రుపదుడు ఆ అర్జునునకే కుమార్తెనీయగోరెను. తన రాజ్యమును చీల్చిన బాహుబలమునే తన పక్షమునకు త్రిప్పుకొనుట ఆ వివాహములోని రాజనీతి. ద్రోణవధ కొరకు ధృష్టద్యుమ్నుని పొందిన తండ్రి పోయిన సగమును మరచెననుట పొసగదు.

ఇచ్చట ఒక విశేషమును గమనింపవలెను. మైత్రి యెల్లప్పుడు యుద్ధమునకే దారితీయదు. ద్రౌపదీస్వయంవరానంతరము పాండవులు బ్రతికియున్నారనియు, పాంచాలయాదవులు వారికి తోడైరనియు తెలిసినప్పుడు కర్ణుడు వెంటనే దండెత్తవలెననెను. భీష్మద్రోణవిదురులు సగమురాజ్య మిచ్చుటయే మేలనిరి. ధృతరాష్ట్రుడు ఖాండవప్రస్థము నిచ్చెను. అప్పుడు యుద్ధము తప్పినది. తప్పించినది ఆ మైత్రియే. అదే మైత్రి, అదే భూమి, ఆ వ్యక్తులే. ఒకప్పుడు సంధి, ఒకప్పుడు సంగ్రామము. ఈ రెండు ఘట్టముల నడుమ మారినదేమో చెప్పగలిగిననే మన ప్రశ్నకు సమాధానము లభించును.

మారినవి రెండు. మొదటిది, ఇచ్చిన భూమి పెరిగిన తీరు. ఖాండవప్రస్థము ఇచ్చునాటికి అడవి. కొలదికాలములో అది ఇంద్రప్రస్థమై, మగధరాజు జరాసంధుని కూల్చి, నాలుగు దిక్కుల రాజులనుండి కప్పము గొని, రాజసూయము చేసినది. దుర్యోధనుడు ఆ కానుకలను కన్నులార చూచెను. రాయబారఘట్టమున అతడు కృష్ణునితో చెప్పిన మాటలలో, తాను బాలుడై యుండగా తండ్రి అజ్ఞానమునగాని భయమునగాని రాజ్యభాగ మిచ్చెను, ఇక నీయననునది యొకటి. సూదిమొన మోపునంత భూమియు నీయనన్న ప్రసిద్ధమైన మాటకు దీనిని చేర్చి చదువవలెను. అప్పుడు అది కేవల లోభవాక్యము కాదని తెలియును. ఒకమారు ఇచ్చిన అడవి సామ్రాజ్యమైనది. ఈమారు ఇచ్చు అయిదూళ్ళు ఏమగునో? భూమిని కొలుచుటకు గడకఱ్ఱ కలదు. భూమినుండి పుట్టబోవు బలమును కొలుచుటకు గడకఱ్ఱ లేదు. అతని భయము అంతయు ఆ కొలతకందని భాగమును గూర్చియే.

రెండవది, ఒడంబడిక చెడిన తీరు. ద్యూతానంతరము పండ్రెండేండ్లు వనవాసము, ఒక యేడు అజ్ఞాతవాసము అని నియమము. గడువు పూర్తియైనదా లేదా యనునది ఉత్తరగోగ్రహణసమయముననే వివాదమైనది. గడువునకు ముందే అర్జునుడు బయటపడెనని దుర్యోధనపక్షము వాదము. భీష్ముడు కాలగణనము చేసి, అయిదేండ్లకు రెండు అధికమాసములు వచ్చును గావున, పదమూడేండ్లకు అయిదు నెలల పండ్రెండు దినములు ఎక్కువగనే గడచినవని తేల్చెను. గణితము స్పష్టము. కాని గణితము తీర్పు కాదు. భీష్ముడు పెద్దయే గాని, ఉభయపక్షములు శిరసావహింపవలసిన న్యాయాధిపతి కాడు. దుర్యోధనుడు అతని లెక్కను వినియు పాండవులకు రాజ్యము నీయననెను. రాజ్యముల నడుమ ఒడంబడికలకు సహజమైన దౌర్బల్య మిదియే. వ్రాసుకొన్న మాటకు అర్థము చెప్పువాడు వేరొకడు లేడు. చెప్పినను ఆచరింపజేయువాడు లేడు. ఇంటిలోని పాలివాండ్ర తగవు ఊరిపెద్దల యొద్ద తీరును. రెండు రాజ్యముల తగవునకు ఊరిపెద్దలు లేరు.

ఇట్లు నమ్మకము చెడినప్పుడు రాజులు పూచీ వెదకుకొందురు. ఆ పూచీయే మిత్రరాజులు. ఉద్యోగమను పేరునకు యుద్ధసన్నాహము అర్థము. ఆ సన్నాహములో మొదటి పని సాయము కూడగట్టుట. ఉపప్లావ్యసభలో బలరాముడు మెత్తగా మాటలాడెను. సాత్యకి అతనిని నిందించెను. కాని కార్యమును నడపినవాడు ద్రుపదుడు. ముందుగా అడిగినవారి పక్షమునే రాజులు చేరుదురు గావున వెంటనే నలుదెసలకు దూతలను పంపవలెనని అతడు చెప్పెను. హస్తినకు మొదటి రాయబారిగా పోయినవాడు అతని పురోహితుడే. అచటి పెద్దలు నీ మాటలకు లోబడి తమలో తాము భేదించుచుండగా మనము సేనలను కూర్చుకొందుమని ద్రుపదుడు అతనికి చెప్పి పంపినట్లు మూలమున కలదు. మొదటి సంధిప్రయత్నమే కాలహరణోపాయమైనదన్నమాట. ఆ మాట చెప్పినవాడు ఉత్తరపాంచాలమును కోల్పోయిన రాజు.

ద్వారకాఘట్టమును మనము ఎక్కువగా నాటకములద్వారా ఎరుగుదుము. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగము ఆడని ఊరు తెలుగునాట అరుదు. పడకసీనులో తలాపున ఒకరు, పాదములకడ ఒకరు కూర్చుండుట భక్తిభేదమును చూపుటకు చక్కని దృశ్యము. కాని దృశ్యసౌందర్యము వలన దాని రాజకీయము మరుగుపడినది. ఇద్దరు రాజులు ఒక మూడవరాజ్యపు బలము కొరకు ఒకే దినమున వచ్చిరి. ఆ రాజ్యము చీలిపోయినది. కృష్ణుడును సాత్యకియు ఒకవైపు, కృతవర్మయు నారాయణగోపాలురును ఒకవైపు, బలరాముడు తీర్థయాత్రకు. శల్యుని కథ ఇంకను విచిత్రము. మేనల్లుండ్రకు తోడ్పడ వచ్చుచున్న మద్రరాజును దుర్యోధనుడు దారిపొడవున విడిదులు వేయించి, ఉపచారములచే వశపరచుకొనెను. ఒక అక్షౌహిణి పక్షము మారినది. ఈ విధముగా ఏడును పదునొకండును కూడినవి.

కూడిన పిదప వెనుకకు మరలుట కష్టము. మిత్రుడు ఊరక రాడు. తన తగవును వెంట తెచ్చును. పాండవపక్షమున ద్రుపదునకు ద్రోణునిపై, విరాటునకు త్రిగర్తకౌరవులపై బాకీలున్నవి. కౌరవపక్షమున సుశర్మకు మత్స్యముపై, భగదత్తాదులకు రాజసూయమున కప్పము గొన్నవారిపై. మిత్రధర్మము మరియొక విధముగ గూడ సంధికి అడ్డుపడును. కృష్ణుడు జన్మరహస్యమును తెలిపి రాజ్యమునే ఇత్తునన్నను కర్ణుడు పక్షము మారలేదు. తనను నమ్మి దుర్యోధనుడు ఆయుధము పట్టెననుట అతడు చెప్పిన కారణములలో ముఖ్యమైనది. దుర్యోధనునకు కర్ణుని బలము చూచి ధైర్యము; కర్ణునకు దుర్యోధనుని ధైర్యము చూచి బంధము. ఒకరి పూచీ యింకొకరికి సంకెల.

ఇప్పుడు అయిదూళ్ళ ప్రశ్నకు వత్తము. ఆ ఊళ్ళలో వారణావతము ఒకటి. లక్కయింటిలో తమను దహింప తలపెట్టిన ఊరినే ధర్మరాజు అడిగినాడు. ఊళ్ళ విలువ స్వల్పమే. ఏడక్షౌహిణులు వెనుకనున్న రాజు చేతిలో అవి స్వల్పము కావు. ఇచ్చినచో కొంతకాలము యుద్ధము ఆగియుండెడిదని నా అభిప్రాయము, తప్పియుండెడిదని చెప్పజాలను. ఏలయనగా, ఊళ్ళిచ్చినంతమాత్రమున అహిచ్ఛత్రము ద్రుపదునకు రాదు. త్రిగర్తభయము విరాటునకు పోదు. ఇంద్రప్రస్థము మరల పెరుగునన్న శంక దుర్యోధనునకు తీరదు. ఈ ఒడంబడికను గూడ జూదముతో హరింతురన్న శంక పాండవులకు తీరదు. భూమి పంపకమునకు లొంగును. రేపటి భయము లొంగదు. ఆ భయమును తీర్చుటకై కూర్చుకొన్న మైత్రులు, వెనుకకు మరలు దారిని మూసివేయును. పొరుగురాజ్యముల యుద్ధమునకు ఈ రెండింటి కూడికయే కారణమని ఈ రెండు పర్వములవలన తేలుచున్నది.

దీనికి రెండు ఆక్షేపములు రావచ్చును. ఇట్లు చెప్పుట దుర్యోధనుని నిర్దోషిని చేయుట కాదా యనునది మొదటిది. కాదు. అతనికి కలిగిన శంక అతడు నాటిన విత్తునకే మొలక. లక్కయిల్లు, కపటద్యూతము, సభలో ద్రౌపదీపరాభవము అతని పనులే. ఒడంబడికపై నమ్మకమును చెరచినవాడు ఆ నమ్మకము లేకుండుటను సాకుగా చెప్పుకొనరాదు. భయము నిజమైనంతమాత్రమున దానినుండి పుట్టిన కార్యము న్యాయము కాదు. రెండవ ఆక్షేపము బలవత్తరమైనది. పాతవైరములే పక్షములను నిర్ణయించినచో, పాండవులచే తండ్రిని కోల్పోయిన జరాసంధుని కుమారుడును, కృష్ణునిచే తండ్రిని కోల్పోయిన శిశుపాలుని కుమారుడు ధృష్టకేతువును పాండవపక్షమున ఏల చేరిరి? దీనికి సమాధానము కథలోనే ఉన్నది. ఆ ఇద్దరికి సింహాసనము విజేతలచేతనే లభించినది. కావున మైత్రిని నిర్ణయించునది గతములోని గాయము మాత్రమే కాదు. తన పీఠము నేడు ఎవని అండను నిలిచియున్నదను ఎరుక గూడ. ఈ ఉదాహరణము మన వాదమును సవరించుచున్నదే గాని ఖండించుట లేదు.

ఇతరదేశచరిత్రలతో పోల్చినను ఇది విపరీతముగా తోపదు. క్రీ. పూ. 431లో ఆరంభమైన ఏథెన్సు స్పార్టాల యుద్ధమును వ్రాసిన థూసిడిడీసు, పైకి చెప్పుకొన్న తగవులు వేరు, అసలు కారణము వేరు అని విభజించెను. కోర్సైరా, పోటిడియా పట్టణములను గూర్చిన తగవులు పైకి చెప్పుకొన్నవి. ఏథెన్సు పెరుగుట చూచి స్పార్టాకు కలిగిన భయము అసలైనది. ఆ తగవులందును మిత్రరాజ్యములే పెద్దలను రణమునకు లాగినవి. అయిదూళ్ళు మనకు కోర్సైరా వంటివి. రాజసూయము ఏథెన్సు వృద్ధి వంటిది.

తిక్కన ఈ విషయమును గ్రంథములయందు మాత్రమే చదివినవాడు కాడు. అతడు నెల్లూరి మనుమసిద్ధికి ఆశ్రితుడు. నిర్వచనోత్తరరామాయణమును ఆ రాజునకే అంకితమిచ్చెను. అక్కన బయ్యనలు మనుమసిద్ధిని పదవీభ్రష్టుని చేయగా, తిక్కన ఓరుగంటికి పోయి, కాకతి గణపతిదేవుని సాయము పొంది, రాజ్యమును మరల నిలిపెనని కాసె సర్వప్ప సిద్ధేశ్వరచరిత్రము చెప్పుచున్నది. పెద్దరాజ్యముల నడుమ చిన్నరాజ్యము నిలువవలెనన్న పరుల అండ ఎంత అవసరమో, ఆ అండకు ఎంత మూల్యము చెల్లింపవలెనో ఆ మంత్రికి తెలియును. అతని బంధువైన ఖడ్గతిక్కన, పుల్లరి తగవున కాటమరాజు పక్షముతో పోరి మడిసెనని మన వీరగాథలు చెప్పుచున్నవి. పచ్చికబీళ్ళ ఒడంబడికకు అర్థము చెప్పువాడు లేక అది రణమైనది. ఈ అనుభవమువలననే తిక్కన ఉద్యోగపర్వము నిట్లు రచించెనని నేను సిద్ధాంతీకరింపను. కథ మూలముననే కలదు. కాని రాయబారములయందలి ప్రతిపలుకునకు వెనుక పలికినవాని స్వార్థమును, భయమును తూచి చూపు అతని నేర్పు, రాజసభలలో కూర్చున్నవాని నేర్పని చెప్పుట సాహసము కాదనుకొందును.

యుద్ధఫలమును గూడ ఈ దృష్టితోనే చూడవలెను. మొదటినాడే విరాటుని కుమారుడు ఉత్తరుడు శల్యునిచే హతుడాయెను. విడిదులలోని ఉపచారముచే పక్షము మారినవాడు ఆ శల్యుడే. పదమూడవనాడు సుశర్మయు సంశప్తకులును అర్జునుని దూరముగా లాగికొనిపోగా, మత్స్యరాజు అల్లుడు అభిమన్యుడు పద్మవ్యూహమున కూలెను. గోగ్రహణమునాటి సరిహద్దువైరము అచటికి చేరినది. పదునైదవనాడు ద్రోణుడు ద్రుపదుని, విరాటుని చంపెను. ఆనాడే ద్రుపదపుత్రుడు ద్రోణుని చంపెను. యుద్ధాంతమున ఒక రాత్రి ద్రోణపుత్రుడు పాంచాలవంశమును నిద్రలోనే రూపుమాపెను. గంగకు ఉత్తరమున నున్న సగము కొరకు రెండు తరములు నడచిన తగవునకు, వాదించుటకు ఇరువైపుల దాదాపుగా ఎవరును మిగులలేదు.

విద్యార్థి అడిగిన ప్రశ్నకు ఇకమీద నేను చెప్పదలచిన సమాధానమిది. దుర్యోధనుడు అయిదూళ్ళు ఈయవలసినది. ఈయకపోవుట అతని దోషము. కాని ఆ ఊళ్ళతోబాటు ఇచ్చిన మాట నిలుచునన్న నమ్మకమును గూడ ఈయవలసియుండెను. దానిని అతడు ద్యూతసభలోనే పోగొట్టుకొనెను. పోయిన నమ్మకమును ఏడక్షౌహిణులును పూరింపలేదు, పదునొకండును పూరింపలేదు. యుద్ధము దుష్టులవలననే వచ్చునని బోధించినచో, తాము మంచివారమను నమ్మిక గల ప్రతి రాజ్యమును నిశ్చింతగా ఆయుధము పట్టును. ఉద్యోగపర్వము అట్లు బోధించుట లేదు. సహృదయులు విచారింతురు గాక.